ఇంగ్లిష్‌కీ ఒక కుప్పం ఉంది

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడు పేర్ల తోకలు ఓసారి చూడండి. పల్లె, ఊరు, కుప్పం. మూడూ మనుషులు కాపురం ఉండే చోటుకి పెట్టిన మాటలే. పల్లె సరిహద్దు దాటి కర్ణాటకలో అడుగుపెడితే హళ్లి అవుతుంది. ఊరు అటు బెంగళూరులోనూ ఉంది, ఇటు వేలూరు, నెల్లూరులోనూ ఉంది. కుప్పం అంటే తమిళంలో చిన్న ఊరు. చెన్నై తీరం వెంబడి జాలర్ల వాడల పేర్ల చివర ఇదే మాట కనిపిస్తుంది.

ఇప్పుడు ఫోన్‌లో ఇంగ్లండ్ మ్యాప్ తెరవండి. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, డెర్బీ. ఫుట్‌బాల్, క్రికెట్ చూసేవాళ్లకి కొత్త పేర్లేమీ కావు. వీటి తోకలూ ఊరికే రాలేదు. చెస్టర్ అంటే రోమన్ల సైనిక శిబిరం, లాటిన్‌లోని కాస్ట్రా నుంచి వచ్చింది. హామ్ అంటే ఆంగ్లో శాక్సన్ల నివాసం. ఇప్పటి హోమ్ దాని చుట్టమే. బీ అంటే వైకింగుల పల్లె. ఒకే దేశంలో మూడు జాతులు, మూడు భాషలు.

ఉద్యోగాల పేజీలో ఈ ఊళ్ల గోలేంటి అంటారా? చెప్తాను. క్యాంపస్ డ్రైవ్ అనగానే మనవైపు చాలామందికి కోడింగ్ కన్నా వెర్బల్ రౌండంటేనే గుబులు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, సర్క్యూట్లు నీళ్లు తాగినంత సులువుగా చెప్పేవాళ్లు గ్రూప్ డిస్కషన్‌లో నోరు విప్పకపోవడం నేను బీటెక్‌లో ఉండగా కళ్లారా చూశాను. వాళ్ల భయం వెనక ఒక నమ్మకం ఉంటుంది. స్వచ్ఛమైన ఇంగ్లిష్ అనేది ఎక్కడో ఒకటుంది, అది చిన్నప్పట్నుంచి కాన్వెంట్లో చదివినవాళ్ల సొత్తు, మనం మాట్లాడేది కల్తీ సరుకు అని. నిజానికి ఆ స్వచ్ఛమైన ఇంగ్లిష్ ఏ శతాబ్దంలోనూ లేదు. కుప్పం అంగడి వీధిలో తెలుగు, తమిళం, కన్నడం కలిసి తిరిగినట్టే ఇంగ్లిష్ కూడా పుట్టిన రోజు నుంచీ నలుగురితో కలిసే పెరిగింది. ఎవరి దగ్గర ఏ మాట తీసుకుందో తెలిస్తే స్పెల్లింగులు, సినానిమ్స్, ఈమెయిల్ భాష చాలావరకు ఊహకి అందుతాయి. అందులో పనికొచ్చే సరుకు బోలెడంత మీ తెలుగు వాచకంలోనే ఉంది.

మదనపల్లెలో ఐరిష్ ప్రిన్సిపాల్

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చారు. బీసెంట్ థియోసాఫికల్ కళాశాలలో కొన్ని రోజులున్నారు. మన జాతీయ గీతాన్ని బెంగాలీ నుంచి ఇంగ్లిష్‌లోకి ఆయనే స్వయంగా మార్చింది అక్కడే. దానికి పెట్టిన పేరు ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా. మదనపల్లె వాళ్లందరికీ ఈ విషయం కొట్టిన పిండి. కానీ ఆ పేరునే విడదీసి చూడండి. మార్నింగ్, సాంగ్, ఆఫ్ మూడూ అచ్చమైన పాత ఇంగ్లిష్ మాటలు. ఇండియా మాత్రం మన సింధు నది. పారసీకుల నోట్లో పడి సకారం పోయి హిందు అయింది, గ్రీకుల నోట్లో హకారం కూడా పోయింది, చివరికి లాటిన్ మీదుగా ఇంగ్లిష్‌కి చేరింది. మనం బయటికి పంపిన మాటే ఇంగ్లిష్ వేషంలో తిరిగొచ్చింది.

అప్పుడు కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఆయన ఇంగ్లిషువాడు కాదు, బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన ఐరిష్ కవి. జనగణమనకి స్వరాలు రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ ఆయన భార్య, ఆమెదీ ఐర్లండే. ఐరిష్ అనేది కెల్టిక్ భాష. బ్రిటన్‌లో ఆంగ్లో శాక్సన్లు దిగకముందు నుంచీ ఉన్నది కెల్టిక్ భాషలు మాట్లాడే జనమే. చిత్రం ఏంటంటే వాళ్ల మాటలు ఇంగ్లిష్‌లో చాలా కొద్దిగా మిగిలాయి. కొత్తగా వచ్చినవాళ్లు పాతవాళ్ల భాష నేర్చుకోలేదు, పాతవాళ్లే వచ్చినవాళ్ల భాషలోకి మారిపోయారు. మిగిలినవి ఎక్కువగా నదుల పేర్లు. ఇంగ్లండ్‌లో ఏవన్ పేరుతో నదులు చాలానే ఉన్నాయి. కెల్టిక్‌లో ఆ మాటకి అర్థమే నది. అంటే రివర్ ఏవన్ అంటే నది నది అన్నమాట! మనం నడి సెంటర్ అనట్లేదా, అలాగే.

జ్ఞానంలో జ్ఞ, నీ లో కె

క్రీ.శ. 410 ప్రాంతంలో రోమన్ సైన్యం బ్రిటన్ వదిలి వెళ్లింది. ఆ శతాబ్దం మధ్య నుంచి ఇప్పటి ఉత్తర జర్మనీ, డెన్మార్క్ తీరాల నుంచి ఆంగిల్స్, శాక్సన్స్, జూట్స్ అనే తెగలు పడవల్లో వచ్చి స్థిరపడ్డాయి. ఆంగిల్స్ పేరు మీదే ఇంగ్లండ్, ఇంగ్లిష్. వాళ్లు తెచ్చిన జర్మానిక్ భాషే ఇంగ్లిష్‌కి వెన్నెముక. ఇప్పటికీ మనం మాట్లాడే ఇంగ్లిష్‌లో అతి ఎక్కువగా దొర్లే వంద మాటలు తీస్తే, దాదాపు అన్నీ వాళ్లవే. ద, ఐ, యు, ఇన్, ఆన్, హ్యావ్, గో, కమ్, సీ... ఇవి లేకుండా ఒక్క వాక్యం నడవదు.

ఇక్కడే తెలుగు విద్యార్థికి ఓ లాభం ఉంది. 1786లో కలకత్తాలో న్యాయమూర్తిగా ఉన్న విలియం జోన్స్, సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి బిడ్డలై ఉండాలని ప్రకటించాడు. జర్మానిక్ భాషలూ ఆ కుటుంబానివే కావొచ్చన్నాడు. 1822లో జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ దానికి సూత్రం చూపించాడు. పిల్లల కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల్లో పెద్దాయన ఈయనే. సూత్రం చాలా సింపుల్. సంస్కృతం, లాటిన్‌లలో మాట మొదట ప ఉంటే ఇంగ్లిష్‌లో ఫ వస్తుంది. పితృ - ఫాదర్, పాదం - ఫుట్, పంచ - ఫైవ్. ద ఉంటే ట వస్తుంది. దశ - టెన్, ద్వి - టూ, దంతం - టూత్.

ఇదేదో కంఠస్థం చేయాల్సిన ఫార్ములా అనుకోకండి. పుంగనూరు నుంచి ముళబాగిలు వైపు బస్సెక్కితే ఇలాంటిదే చెవికి వినిపిస్తుంది. మన పాలు అక్కడ హాలు, మన పులి హులి, మన పది హత్తు, మన పల్లె హళ్లి. పాత కన్నడంలోని ప తర్వాతి కాలంలో హ అయింది. జర్మానిక్‌లో అది ఫ అయింది. మన సరిహద్దు పిల్లలు చిన్నప్పట్నుంచి చెవితో పట్టేసేది ఇదే.

ఇప్పుడు అసలు ఉపయోగం. ఇంగ్లిష్ తన సొంత మాటలు ఉంచుకుంటూనే అదే వేరు నుంచి పుట్టిన లాటిన్, గ్రీకు మాటల్ని కూడా తర్వాత తెచ్చుకుంది. అందుకే ఒకే అర్థానికి రెండు ముఖాలు ఉంటాయి. ఫుట్ ఉంది, పెడల్, పెడెస్ట్రియన్ ఉన్నాయి. టూత్ ఉంది, డెంటిస్ట్ ఉంది. ఫాదర్ ఉంది, పెటర్నల్ ఉంది. టెన్ ఉంది, డెసిమల్ ఉంది. మధ్యలో మన పాదం, దంతం, పితృ, దశ పెట్టుకుంటే రెండు వైపులా దారి దొరుకుతుంది. పెడెస్ట్రియన్ అర్థం పరీక్షలో అడిగితే పాదం గుర్తొస్తే చాలు, పాదచారి అని రాసేయొచ్చు.

ఇందులో నాకు బాగా నచ్చిందొకటి ఉంది. మోకాలికి నీ అంటారు. ముందు కె రాస్తారు, పలకరు. తెలుసు అనే అర్థమున్న నో దీ అదే వరస. ఎందుకా పనికిరాని కె? సంస్కృతంలో మోకాలు జాను, తెలుసుకోవడం జ్ఞా. పాత రోజుల్లో అక్కడ గ శబ్దం ఉండేది, జర్మానిక్‌లో అది క అయింది. పాత ఇంగ్లిష్‌లో క్నేఓ అని కె ని పలికేవాళ్లు కూడా. పలకడం ఆగిపోయింది, రాయడం ఆగలేదు. మన జ్ఞానంలో ఉన్న జ్ఞ, వాళ్ల నో లోని మూగ కె ఒకే శబ్దానికి మిగిలిన గుర్తులు. అదే వేరు లాటిన్ దారిలో రికగ్నైజ్, ఇగ్నోర్ అయింది. గ్రీకు దారిలో డయాగ్నసిస్ అయింది. ఒక్క జ్ఞ పట్టుకుంటే నాలుగు మాటలు దొరికాయి.

అయితే ఒక జాగ్రత్త. పాదం, దంతం తెలుగులోకి సంస్కృతం నుంచి వచ్చాయి. తెలుగు పుట్టుక వేరు. ఈ సంగతిని 1816లోనే ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే మద్రాసు అధికారి రాశాడు. ఎ.డి. క్యాంప్‌బెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలాంటి వ్యాసంలో, తెలుగులో సంస్కృత పదాలు ఎన్ని ఉన్నా దాని కుటుంబం తమిళం, కన్నడాలదేనని చూపించాడు. ఇంగ్లిష్ కథ కూడా అచ్చం ఇంతే. నిఘంటువు తెరిస్తే సగానికి పైగా మాటలు ఫ్రెంచ్, లాటిన్ సరుకే. అయినా అది వాటి బిడ్డ కాదు, జర్మన్‌కి అక్కాచెల్లెలు. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టింది దక్షిణాది భాషల ఇలాంటి చుట్టరికాలను చదవడానికే. ఇంట్లో ఎవరి నగలు పెట్టుకున్నా ఇంటిపేరు మారదు కదా.

బ్లూటూత్ రాజు మనవడు

మీ ఇయర్‌బడ్స్ మీదున్న బ్లూటూత్ గుర్తు ఏంటో తెలుసా? 10వ శతాబ్దంలో డెన్మార్క్‌ని ఏలిన హెరాల్డ్ బ్లూటూత్ పేరులోని రెండు తొలి అక్షరాలు, వైకింగుల రూన్ లిపిలో. వేర్వేరు పరికరాల్ని కలిపే టెక్నాలజీకి, తెగల్ని కలిపిన రాజు పేరు బాగుంటుందని 1997లో ఇంటెల్ ఇంజినీర్ జిమ్ కార్డాచ్ సూచించాడు. ఆ హెరాల్డ్ కొడుకు స్వెయిన్ 1013లో ఇంగ్లండ్ సింహాసనం ఎక్కాడు. మనవడు నూట్ 1016లో రాజయ్యాడు. వీళ్లకు ముందే, 793లో లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడితో వైకింగుల రాక మొదలైంది. 9వ శతాబ్దం చివరికి ఇంగ్లండ్ ఈశాన్య భాగం డేన్ల ఏలుబడిలో ఉంది.

కొట్టుకోవడం కొంతకాలమే. ఆ తర్వాత పక్కపక్కన పొలాలు దున్నుకున్నారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. వాళ్ల నార్స్, వీళ్ల పాత ఇంగ్లిష్ దగ్గరి చుట్టాలు. మన కన్ను, కన్నడిగుల కణ్ణు, తమిళుల కణ్ లాగా. మాట మూలం అర్థమవుతుంది, చివర్లే తేడా. సంతలో బేరం ఆడేటప్పుడు ఆ చివర్లని ఎవరూ పట్టించుకోరు. పాత ఇంగ్లిష్‌లో మన విభక్తుల్లాంటి ప్రత్యయాలు బోలెడు ఉండేవి. అవి రాలిపోవడానికి ఈ సావాసం కూడా ఒక కారణమని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. ఈ రోజు మనం ఇంగ్లిష్ నామవాచకాలకి విభక్తులు బట్టీ పట్టక్కర్లేకుండా పోయిందంటే ఆ సంతలకి కూడా కొంత థ్యాంక్స్ చెప్పాలి.

వాళ్లిచ్చిన మాటలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దే, దెమ్, దెయిర్ వాళ్లవే. సర్వనామాన్ని అప్పు తెచ్చుకున్న భాషలు చాలా అరుదు. టేక్, గెట్, కాల్, వాంట్, లా, స్కై, నైఫ్, హజ్బెండ్ వాళ్లవే. మీ రెజ్యూమెలో పెద్దక్షరాలతో రాసుకునే స్కిల్ కూడా వైకింగులదే. శ శబ్దం ఉన్న పాత ఇంగ్లిష్ మాటకి తోడు స్క ఉన్న నార్స్ మాట కనిపిస్తుంది. షర్ట్, స్కర్ట్ రెండూ ఒకే వేరు. స్కూల్ మాత్రం ఈ లెక్కలోకి రాదు, అది క్రైస్తవ మత గురువుల వెంట లాటిన్ దారిలో వచ్చింది.

ఇక విండో. నార్స్‌లో విండ్ అంటే గాలి, ఔగ అంటే కన్ను. గాలి కన్ను. అంతకుముందు పాత ఇంగ్లిష్‌లో కంటి రంధ్రం అనే అర్థం వచ్చే మాట వాడేవాళ్లు. మన గవాక్షం విడదీయండి. గో, అక్షం. ఆవు కన్ను. వాతాయనం అంటే గాలి దారి. ఎక్కడో ఉత్తర సముద్రం ఒడ్డున ఇల్లు కట్టుకున్నవాడికీ, ఇక్కడ కట్టుకున్నవాడికీ కిటికీ చూస్తే తోచింది దాదాపు ఒకటే. మీరు ల్యాప్‌టాప్‌లో తెరిచేదీ అదే.

భాషలు ఇలా కలిసే చోట తికమకలూ ఉంటాయి. ఇంగ్లండ్‌లో మొట్టమొదట అచ్చుయంత్రం పెట్టిన విలియం కాక్స్‌టన్ 1490లో ఒక పుస్తకం ముందుమాటలో ఓ ముచ్చట రాశాడు. థేమ్స్ నదిలో ఓడకి గాలి అనుకూలించక వ్యాపారులు ఒడ్డున దిగారు. ఒకాయన ఓ ఇంటికెళ్లి ఎగ్స్ కావాలన్నాడు. ఆ ఇల్లాలు నాకు ఫ్రెంచ్ రాదు అంది. ఆయనకి కోపమొచ్చింది, తనకీ ఫ్రెంచ్ రాదు మరి! పక్కనున్నవాడు ఐరెన్ కావాలి అంటే అప్పుడు అర్థమైంది. ఎగ్ నార్స్ నుంచి వచ్చిన మాట, ఐరెన్ పాత ఇంగ్లిష్ మాట. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన లెక్చరర్ మన అంగట్లో వేరుశనగ కాయలు, చిలగడదుంపలు అడిగితే, ఓహో చెనిక్కాయలు, గెణుసుగడ్డలా సార్ అంటారే, ఇదీ అంతే.

కాపరిది ఒక మాట, వడ్డించేవాడిది ఒక మాట

1066 అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర యుద్ధం. ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన విలియం గెలిచి ఇంగ్లండ్ రాజయ్యాడు. ఆ తర్వాత దాదాపు 300 ఏళ్లు పై తరగతి భాష ఫ్రెంచ్. రాజసభ, కోర్టు, పన్నులు అన్నీ అందులోనే. ఇంగ్లిష్ పొలాల్లో, పశువుల పాకల్లో ఉండిపోయింది. దాని గుర్తు ఇప్పటికీ తిండి బల్ల మీద ఉంది. మందలో ఉన్నంతసేపూ షీప్, కూరయ్యాక మటన్. పెంచేవాడు శాక్సన్, తినేవాడు నార్మన్. వాల్టర్ స్కాట్ 1819 నాటి ఐవన్‌హో నవలలో పాత్రల చేత ఈ చమత్కారం చెప్పించాక ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. మన దగ్గర మటన్ షాపు అని బోర్డు పెట్టేవాళ్లకి అది నార్మన్ దొరల మాట అని తెలిస్తే ఏమంటారో!

పుంగనూరు ఆవు ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో ఒకటి. ఆ ఆవునే ఈ పాఠానికి ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆవు అచ్చ తెలుగు మాట. గోవు సంస్కృతం నుంచి వచ్చింది. కౌ పాత ఇంగ్లిష్, బీఫ్ ఫ్రెంచ్. ఇందులో గోవు, కౌ, బీఫ్ మూడూ ఒకే ప్రాచీన వేరుకి పుట్టినవే. వాటిలో చుట్టరికం లేనిది ఒక్క ఆవుకే.

పాలకుల భాష కచేరీలో పాతుకుపోవడం మనకు కొత్త కాదు. తహసీల్దారు ఆఫీసులో చెవిన పడే మాటలు గుర్తు చేసుకోండి. దరఖాస్తు, హాజరు, వసూలు, బకాయి, జామీను, రద్దు, ఫిర్యాదు, జిల్లా, చివరికి రాజీనామా. అన్నీ పారసీ, అరబ్బీల నుంచి నవాబుల పాలనలో వచ్చినవి. అవి పోలేదు, మన మాటలైపోయాయి. ఇంగ్లిష్‌లో కోర్ట్, జడ్జ్, జ్యూరీ, ప్రిజన్, ట్యాక్స్, గవర్నమెంట్ అలాగే ఫ్రెంచ్ నుంచి స్థిరపడ్డాయి. 1362లో కోర్టు వాదనలు ఇంగ్లిష్‌లో జరగాలని చట్టం చేశారు. ఆ చట్టాన్ని రాసింది మాత్రం ఫ్రెంచ్‌లోనే. ప్రభుత్వ ఉత్తర్వులు చదివే అలవాటున్నవాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు.

మీ ఈమెయిల్‌కీ దీనికీ సంబంధం ఏంటంటే, ఈ అంతస్తుల తేడా ఇంగ్లిష్‌లో నేటికీ పోలేదు. ఆస్క్ పాత ఇంగ్లిష్, క్వశ్చన్ ఫ్రెంచ్, ఇంటరాగేట్ నేరుగా లాటిన్. అడగడం, ప్రశ్నించడం, విచారణ జరపడం. మూడూ ఒకటి కావని తెలుగులో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. కింగ్లీ, రాయల్, రీగల్ కూడా అదే వరస. హెల్ప్ స్నేహితుడిది, అసిస్టెన్స్ ఆఫీసుది. ఎండ్ మామూలు మాట, టర్మినేట్ హెచ్‌ఆర్ లెటర్ మాట. సినానిమ్స్‌ని ఒకే బరువున్నట్టు బట్టీ పట్టించే గైడ్లంటే నాకు ఒళ్లు మంట. క్యాంటీన్‌కి వెళ్లి నాకు క్షుత్తుగా ఉన్నది అనే మనిషి ఎలా ఉంటాడో, ఇంటర్వ్యూలో ఐ కమెన్స్డ్ మై స్టడీస్ అనే మనిషి అలా ఉంటాడు. నోటితో చెప్పేటప్పుడు స్టార్ట్, గెట్, హెల్ప్, లుక్ ఇంటూ, పుట్ ఆఫ్ లాంటి పొట్టి మాటలే హాయి. రాతలో, రిపోర్టులో రిసీవ్, ఇన్వెస్టిగేట్, పోస్ట్‌పోన్ సరిపోతాయి. అన్నట్టు, పోస్ట్‌పోన్ చూసి మన దేశంలో పుట్టించుకున్న ప్రీపోన్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకీ ఎక్కింది.

పదో తరగతి ప్రకృతి - వికృతి

ఆశ్చర్యం - అచ్చెరువు, ముఖం - మొగం, సింహం - సింగం. పదో తరగతిలో మార్కుల కోసం చదివిన ఈ జంటలు గుర్తున్నాయా? సంస్కృత మాట యథాతథంగా ఉంటే ప్రకృతి, జనం నోట్లో నలిగితే వికృతి. ఇంగ్లిష్‌లోనూ సరిగ్గా ఇవే జంటలు ఉన్నాయి. లాటిన్ మాట ఫ్రెంచ్ వాళ్ల నోట్లో నలిగి ఒకసారి వచ్చింది. 15, 16 శతాబ్దాల్లో పండితులు అదే మాటని పుస్తకాల్లోంచి మళ్లీ తెచ్చారు. ఫ్రాజైల్ ప్రకృతి, ఫ్రెయిల్ వికృతి. సెక్యూర్ ప్రకృతి, ష్యూర్ వికృతి. పాపర్ ప్రకృతి, పూర్ వికృతి. పొడుగ్గా ఉన్నది పుస్తకం మాట, పొట్టిగా ఉన్నది వాడుక మాట.

ఈ పండితులు స్పెల్లింగుల్లోనూ వేలు పెట్టారు. అప్పుకి డెట్ అన్నది ఫ్రెంచ్ నుంచి బి లేకుండానే వచ్చింది. లాటిన్‌లో డెబిటుమ్ కదా అని మధ్యలో బి ఇరికించారు. పలికేవాళ్లు మాత్రం పట్టించుకోలేదు. ఐలాండ్ ఇంకా ఘోరం. అది లాటిన్ మాటే కాదు, పాత ఇంగ్లిష్. లాటిన్ ఇన్సులా చూసి భ్రమపడి ఎస్ చేర్చారు. ఇక నైట్, లైట్‌లలో జి-హెచ్ ఒకప్పుడు గొంతులోంచి ఖ లాగా పలికిన శబ్దమే. 1476లో కాక్స్‌టన్ అచ్చు మొదలెట్టాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడ్డాయి, ఉచ్చారణ మాత్రం మారుతూ పోయింది. మీరు ఇప్పుడు రాసే స్పెల్లింగ్ చాలాసార్లు 500 ఏళ్ల కిందటి పలుకుబడికి ఫోటో.

లాటిన్ మాటల్ని పట్టడానికి కూడా తెలుగు క్లాసే గురువు. హారం ముందు ఉపసర్గ మారితే ఏమవుతుంది? ఆహారం, విహారం, సంహారం, పరిహారం. పోర్ట్ అంటే మోయడం. ముందు భాగం మారుస్తూ పోతే ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, రిపోర్ట్. స్క్రిప్ట్, స్క్రైబ్ అంటే రాయడం. డిస్క్రైబ్, సబ్‌స్క్రైబ్, ప్రిస్క్రిప్షన్, జావాస్క్రిప్ట్. వెయ్యి మాటల లిస్టు గోడకి అంటించే కన్నా ఇలాంటి ధాతువులు ఓ నలభై, ఉపసర్గలు ఓ ఇరవై పట్టుకోవడం మేలని నా అభిప్రాయం. తెలియని మాట ఎదురైతే లిస్టు చేతులెత్తేస్తుంది, ధాతువు ఎంతో కొంత సాయపడుతుంది.

పందికొక్కు విదేశీ యాత్ర

ఈ కలయిక ఏకపక్షం కాదు. కంపెనీ కాలంలో ఇంగ్లిషువాళ్లు తెలుగుని జెంటూ అనేవాళ్లు, పోర్చుగీసు వాళ్ల దగ్గర ఎరువు తెచ్చుకున్న పేరది. మన పందికొక్కు వాళ్ల నోట్లో బ్యాండికూట్ అయింది. అక్కడితో ఆగక ఆస్ట్రేలియా వెళ్లి, కడుపు సంచిలో పిల్లల్ని మోసే ఓ జంతువుకి పేరైంది. 1996లో క్రాష్ బ్యాండికూట్ అనే వీడియో గేమ్ కూడా అయింది. ప్లేస్టేషన్‌లో ఆ గేమ్ ఆడిన పిల్లల్లో ఎందరికి తెలుసు, ఆ హీరో పేరు మన గడ్డివాము కింద పుట్టిందని! కట్టుమరం తమిళం నుంచి వెళ్లి కాటమరాన్ అయింది. అవతార్ సంస్కృతం నుంచి వెళ్లి ప్రొఫైల్ బొమ్మ అయింది. మదనపల్లె మార్కెట్‌లో పెట్టెలకొద్దీ అమ్ముడయ్యే టమాటా పేరు మెక్సికోలోని నహువాట్ల్ భాషది. అక్కడ తోమాత్ల్. స్పానిష్ వాళ్ల చేతి మీదుగా ఇంగ్లిష్‌కి, ఇంగ్లిష్ నుంచి మనకి.

ఇటువైపు లెక్క రాసిపెట్టిన మనిషి సి.పి. బ్రౌన్. కడపలో పనిచేసిన ఈ దొర తెలుగు - ఇంగ్లిష్ నిఘంటువుని 1852లో తెచ్చాడు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కూడా కడప జిల్లాలోదే. బ్రౌన్ అంతటితో ఊరుకోలేదు. తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకి విడిగా మిశ్రభాషా నిఘంటువు ఒకటి 1854లో అచ్చువేశాడు. కచేరీలో, సంతలో జనం నిజంగా మాట్లాడే కలగలుపు భాషను కల్తీ అని పక్కన పెట్టలేదు. పుస్తకం వేయదగ్గ విషయంగా చూశాడు. ఇంగ్లిష్‌లో కలిసిన మన దేశపు మాటలకి యూల్, బర్నెల్ 1886లో హాబ్సన్ జాబ్సన్ తెచ్చారు. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగే.

ఒక ఉద్యోగ ప్రకటన తీసుకోండి

ఇదంతా చేతికి అలవాటు కావాలంటే రోజుకి పది నిమిషాలు చాలు. ఎటిమాన్‌లైన్ అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది, మాట టైప్ చేస్తే పుట్టుపూర్వోత్తరాలు చెప్తుంది. మెరియమ్ వెబ్‌స్టర్ యాప్‌లోనూ అర్థాల కింద ఆ వివరం ఉంటుంది. మీరు దరఖాస్తు చేయబోయే ఉద్యోగం జాబ్ డిస్క్రిప్షన్‌తోనే మొదలుపెట్టండి. కంపెనీ అంటే లాటిన్‌లో కలిసి రొట్టె తినేవాళ్లు. క్యాండిడేట్ అంటే తెల్లబట్టలు కట్టుకున్నవాడు, రోమ్‌లో ఓట్లు అడగడానికి అలా వచ్చేవాళ్లు. మన నాయకుల ఖద్దరు గుర్తొచ్చిందా? కెరీర్ బండి నడిచే బాట. బాస్ డచ్ మాట. ఆల్గరిథమ్ అరబ్బీలో రాసిన గణిత పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు. ఇంజినీర్ ఫ్రెంచ్ నుంచి వచ్చింది, మొదట్లో కోటలు పగలగొట్టే యంత్రాలు చేసేవాడు అని అర్థం.

ఇలాంటి వాక్యం ఒకటి అనుకోండి. వియ్ ఆర్ లుకింగ్ ఫర్ ఎ స్కిల్డ్ ఇంజినీర్ టు జాయిన్ అవర్ టీమ్ అండ్ వర్క్ విత్ కస్టమర్ డేటా. వియ్, ఆర్, లుకింగ్, ఫర్, వర్క్, విత్ ఆంగ్లో శాక్సన్లవి. స్కిల్డ్ వైకింగులది. ఇంజినీర్, జాయిన్, కస్టమర్ నార్మన్ల వెంట వచ్చినవి. డేటా లాటిన్ పండితులది. ఒక్క లైన్లో వెయ్యేళ్లు. టీమ్ కూడా పాత ఇంగ్లిషే, దానికి అప్పట్లో ఉన్న అర్థాల్లో ఒకటి, ఒకే కాడికి కట్టిన పశువులు. కాడికి ఇంగ్లిష్‌లో యోక్ అంటారు. జాయిన్, యోక్, మన యోగం మూడూ ఒకే వేరు.